కుందేలు గోళ్లు నల్లగా ఉంటే ఎక్కడిదాకా కత్తిరించాలి?

ప్రశ్న:
మా కుందేలు గోళ్లు బాగా పెరిగిపోయాయండి, నడుస్తుంటే నేలమీద టకటకా చప్పుడు, దుప్పట్లో ఇరుక్కుంటే గుంజుకుంటోంది కూడా. తెల్ల గోళ్లకైతే లోపల గులాబీ రంగు నరం కనిపిస్తుందంటారు, దీనివేమో అన్నీ నల్లవే. ఎత్తుకుంటే చాలు గింజుకుంటుంది. ఎక్కడ నరం తెగి రక్తం వస్తుందోనని ఒకటే టెన్షన్. మీరంతా ఇంట్లో ఎలా చేస్తున్నారు?

జవాబు:
వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట నిమరండి, కదలకుండా పడుంటుంది. ఆలోపు చకచకా కానిచ్చేయొచ్చు.

జవాబు:
పైన చెప్పినట్టు మాత్రం చేయొద్దండి. అది హాయిగా పడుకోవడం కాదు, వేటాడే జంతువుకి దొరికిపోయానన్న భయంతో బిగుసుకుపోవడం. అందులోంచి ఉలిక్కిపడి లేచి గట్టిగా తన్నిందంటే దాని వెన్నెముకే విరగొచ్చు, వెనక కాళ్లకి అంత బలం, ఎముకలేమో పెళుసు. మీరే నేలమీద కూర్చోండి, టవల్‌లో చుట్టి తల బయట ఉంచండి, ఒక్కో పాదమే బయటికి తీయండి, వెనక భాగం కింద మీ చెయ్యో ఒడో ఆసరాగా ఉండాలి. చెవులు పట్టుకుని ఎత్తడం అసలే వద్దు. ఇంకొకరు పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

నల్ల గోళ్లకి వెనక నుంచి ఫోన్ టార్చ్ వేస్తే నరం నీడలా కనిపిస్తుంది, దానికి రెండు మూడు మిల్లీమీటర్ల ముందే ఆపేయండి. అప్పటికీ తెలియకపోతే వంపు తిరిగిన కొన మాత్రం తీయండి చాలు. మనం వాడే నెయిల్ కట్టర్ గోరుని నలిపి చీల్చేస్తుంది, పిల్లులకి వాడేది తీసుకోండి.

జవాబు:
ఒకేరోజు అన్నీ అయిపోవాలని పట్టుబట్టకండి, ఇవాళ ఒక పాదం, రేపు ఇంకోటి. చాలాకాలం పెరిగిన గోళ్లలో నరం కూడా పొడుగైపోతుంది కాబట్టి వారం రెండు వారాలకోసారి కొంచెం కొంచెంగా తీస్తూ పోతే అదే వెనక్కి వెళ్తుంది. రక్తం వస్తే కంగారు పడకుండా స్టిప్టిక్ పౌడరో (రక్తం ఆపే పొడి) కార్న్‌ఫ్లోరో అద్ది దూదితో కాసేపు నొక్కి పట్టండి, ఎంతకీ ఆగకపోతే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
టార్చ్ వేస్తే నిజంగానే కనిపించిందండి! ముందు పాదానికి లోపలి వైపు పైన ఇంకో గోరు ఉంది, అదీ తీయాలా?

జవాబు:
తీయాలండి. ముందు కాళ్లకి ఐదేసి, వెనక కాళ్లకి నాలుగేసి, మొత్తం 18. ఆ ఐదోది నేలకి తగలదు, అరగదు, బొచ్చులో దాక్కుని వంకర తిరిగిపోతుంది. బొచ్చు కొంచెం తడిపి పక్కకి నొక్కితే దొరుకుతుంది.