రమణాశ్రమంలో గది: మొదటిసారి అరుణాచలం వెళ్ళేవాళ్ళు అడగాలా, బయటే దిగాలా?

గౌతమీతీరం:
పౌర్ణమి దగ్గర పడిందంటే ఈ వేదిక మీద ఒకటే ప్రశ్న. "మొదటిసారి అరుణాచలం వెళ్తున్నాం, రమణాశ్రమంలో అద్దె లేకుండా గది ఇస్తారట, ఎలా బుక్ చేసుకోవాలి?" జవాబులన్నీ ఎలా అన్నదాని మీదే. అసలు అడగవచ్చా అని ఎవరూ మాట్లాడరు. నేను సూటిగా చెప్తాను: గిరిప్రదక్షిణ ఒక్కటే పని పెట్టుకుని వెళ్ళేవాళ్ళు ఆశ్రమంలో గది అడగకూడదు.

అది సత్రంగా పుట్టింది కాదు. 1922 మేలో రమణ మహర్షి (మనం భగవాన్ అంటాం) అమ్మ అళగమ్మ గారు దేహం వదిలితే కొండకి దక్షిణాన, దిగువన సమాధి చేశారు. కొండ మీద స్కందాశ్రమంలో ఉంటున్న భగవాన్ అక్కడికి దిగి వచ్చి వెళ్తూ, ఆ ఏడాది చివరికి అక్కడే ఉండిపోయారు. ఆ సమాధి చుట్టూ పెరిగిందే ఇవాళ మనం చూస్తున్న ఆశ్రమం. ఇప్పటికీ గదికి అద్దె లేదు, భక్తులు ఇచ్చినదానితో నడుస్తుంది. చాలా ముందుగా రాసి అడగాలి. మొదటిసారి వచ్చేవాళ్ళకి మామూలుగా ఇచ్చేది మూడు రోజులు. ఆ మూడు రోజులూ దేనికి? పొద్దున వేదపారాయణ ఉంటుంది, సాయంత్రం మళ్ళీ ఉంటుంది, ఆ తర్వాత తమిళ పారాయణ. మిగతా పొద్దంతా భగవాన్ కూర్చున్న పాత హాల్లో నోరు మూసుకుని కూర్చోవచ్చు. ఇంత చోటు, ఇంత సమయం పైసా అడగకుండా ఇచ్చే స్థలం ఇంకెక్కడుంది?

మనవాళ్ళలో చాలామంది చేసేదేమిటి? రాత్రంతా 14 కిలోమీటర్లు నడిచి, తెల్లవారి వచ్చి పడుకుని, భోజనాల వేళకి లేచి, తిని బస్సెక్కడం. పాత హాల్లో భగవాన్ సోఫా ముందు నిలబడి ఇంట్లోవాళ్ళకి వీడియో కాల్‌లో చూపిస్తున్న కుటుంబాన్ని నా కళ్ళతో చూశాను. వాళ్ళు మాట్లాడుతున్నది తెలుగే. పక్కన ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఆయన లేచి వెళ్ళిపోయారు. నాకు చాలా బాధేసింది.

పాలమూరు బిడ్డ:
గౌతమి గారూ, వీడియో కాల్ సంగతి మీరు చెప్పింది నిజమే, అది తప్పే. కానీ గది అడగొద్దు అనుడు నేను ఒప్పుకోను. సాధకుడు ఎవరు, యాత్రికుడు ఎవరు అని గేటు కాడ ఎట్ల తేలుస్తరు? మా అమ్మకు అరవై దాటినయి. టీవీల ప్రవచనాలు వినుకుంట అరుణాచలం పోవాలె, పోవాలె అని కలవరిస్తున్నది. ఆర్టీసీ పౌర్ణమి బస్సు టికెట్టుకే పైసా పైసా కూడబెట్టింది. పౌర్ణమి రాత్రి బయట లాడ్జీలల్ల మామూలు రేటుకు ఎన్నో రెట్లు అడుగుతరు. ఉన్నోళ్ళు హోటల్ల దిగుతరు, లేనోళ్ళు ఏడ దిగాలె? అద్దె లేకుండ ఇచ్చేది మా అమ్మ లాంటోళ్ళకు కాకపోతే ఇంకెవలకు?

తాటాకు పుస్తకం:
ఇద్దరూ "లోపల", "బయట" అని గీత గీసి మాట్లాడుతున్నారు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్దాం. భగవాన్‌కి భక్తులైన మన తెలుగువాళ్ళలో పెద్ద పేర్లు చాలావరకు బయట ఉన్నవాళ్ళవే. 1907లో ఆయనకి రమణ మహర్షి అని పేరు పెట్టిన కావ్యకంఠ గణపతి ముని కొండ మీద మామిడి గుహలో తపస్సు చేసుకున్నారు. సూరి నాగమ్మ గారు 1941లో వచ్చారు. ఆశ్రమంలో జరిగే ప్రతి చిన్న విషయాన్నీ అన్నగారికి లేఖలుగా రాసిన మనిషి, ఉన్నది మాత్రం ఆశ్రమం బయట ఇంట్లో. స్త్రీలు రాత్రిపూట లోపల ఉండకూడదని అప్పటి నియమం. రచయిత చలం గారు 1950లో కుటుంబంతో సహా వచ్చేసి చివరిదాకా అరుణాచలంలోనే ఉన్నారు, అదీ బయట ఇల్లే. 1935లో వచ్చిన ఇంగ్లీషు మేజర్ చాడ్విక్‌కి మాత్రం లోపల గది కట్టుకోనిచ్చారు.

లోపల పడుకుంటేనే ఏదో దొరుకుతుందన్నదానికి ఆధారం లేదని దీన్నిబట్టి నాకు అర్థమవుతోంది. అలాగని బయటివాళ్ళని వద్దనడానికి కూడా ఆధారం లేదు. 1924 జూన్‌లో రాత్రిపూట దొంగలు పడి భగవాన్‌ని కూడా కర్రతో కొట్టారు. తిరగబడబోయిన శిష్యులని ఆయన ఆపారు, దొంగలు వెతుక్కోవడానికి లాంతరు ఇప్పించారు. దొంగకి దీపం ఇప్పించిన చోట ఒక ముసలమ్మకి చాప పరిస్తే అపచారమా?

గౌతమీతీరం:
తాటాకు గారూ, దొంగల సంగతి ప్రతి చర్చలోనూ వస్తుంది, నాకూ కళ్ళు చెమర్చే ఘట్టమే అది. కానీ లాంతరు ఇప్పించడం ఆయన దయ. ఆ దయ చూసి మనం నేర్చుకోవలసింది తీసుకోవడమా, తగ్గడమా? పాలమూరు గారి అమ్మగారి గురించి నాకు ఒక్క అభ్యంతరమూ లేదు. నా మాటంతా బయట దిగగల స్తోమత ఉండి, "ఊరికే వస్తోంది కదా" అని అడిగేవాళ్ళ గురించి. పౌర్ణమి వారంలో అలా నిండిన ప్రతి గదీ ఎవరో ఒకరికి "ఖాళీ లేదు" అన్న జవాబు అవుతుంది. ఆ జవాబు అందుకున్నవాళ్ళు ఈ వేదిక మీదికి రారు, వాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు లేరు.

బడిపంతులమ్మ:
నేను చెప్పేది మీ ఇద్దరికీ నచ్చకపోవచ్చు. నాకు ధ్యానం, ఆత్మవిచారణ లాంటివేవీ తెలియవు. ఒంటరి ఆడదానికి లాడ్జీ కంటే ఆశ్రమం నయమని మా తమ్ముడు రాసి గది అడిగాడు, అంతే. ప్రదక్షిణ చేసుకుని వచ్చేద్దామనే వెళ్ళాను. గౌతమి గారి లెక్కలో నేను గది అడగకూడని మనిషిని.

ప్రదక్షిణ మొదటి రోజే అయిపోయింది. రెండో రోజు చెయ్యడానికి పనేమీ లేదు. గది చిన్నది, టీవీ లేదు, మాట్లాడే మనిషి లేదు. ఏం తోచక వెళ్ళి భగవాన్ సమాధి హాల్లో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. పదకొండు దాటాక బయట సాధువులకీ, బీదాబిక్కీకీ అన్నం పెడుతున్నారు. వాళ్ళయ్యాకే మాకు గంట కొట్టారు. నేల మీద వరసగా కూర్చోబెట్టి ఆకులు వేశారు. నా పక్కన ఒక విదేశీ అమ్మాయి, అటుపక్క ఖరీదైన పంచె కట్టుకున్న పెద్దాయన. ముగ్గురికీ అదే అన్నం, అదే సాంబారు, అదే మజ్జిగ. నా ఇంటిపేరు గానీ, నేనెవరి మనిషినన్నది గానీ ఎవరూ అడగలేదు. మా ఊళ్ళో పెళ్ళి భోజనాల్లో కూడా అది అడక్కుండా ఉండరు. నాకది చాలా పెద్ద విషయం.

ఆ మధ్యాహ్నం పాత హాలుకి వెళ్ళాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. బయట లాడ్జీలో దిగి ఉంటే రెండో రోజు పొద్దున్నే బస్సెక్కేసేదాన్ని, ఈ సంగతి తెలిసేదే కాదు. అందుకే ముందు సాధకులై తర్వాత గది అడగండి అంటే నాకు నచ్చదు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకే అది ఎక్కువ అవసరం.

తాటాకు పుస్తకం:
పంతులమ్మ గారూ, మీరు చూసిన ఆ పంక్తి కూడా మొదట్నుంచీ అలా లేదు. భగవాన్ ఉన్న రోజుల్లో భోజనశాలలో బ్రాహ్మణులకి ఒక పక్క, ఇతరులకి ఒక పక్క, మధ్యలో అడ్డు ఉండేది. ఆయన రెండు వైపులకీ కనబడే చోట కూర్చునేవారు. తనకి ఏదైనా ఎక్కువ వడ్డిస్తే ఒప్పుకునేవారు కాదు, అందరికీ ఎంతో తనకీ అంతే. ఆ అడ్డు పోయింది, ఆడవాళ్ళు రాత్రి ఉండకూడదన్న నియమమూ పోయింది, కాబట్టే మీరు ఉండగలిగారు. నియమాలు మనుషుల్ని చూసి మారాయి. అందువల్ల "ఇది సత్రం కాదు" అన్న ఒక్క మాటతో చర్చ ముగించలేం.

గౌతమీతీరం:
పంతులమ్మ గారి పోస్టు రెండుసార్లు చదివాను. ఆవిడ చెప్పినదాంట్లోనే నా వాదన ఉంది. ఆవిడకి ఆ మధ్యాహ్నం దక్కింది రెండో రోజు ఉండిపోయినందువల్ల. ఒక్క రాత్రికి వచ్చి పోతే దక్కేది కాదు. అందుకని మాట మారుస్తున్నాను: సాధకుడా కాదా అన్నది పక్కన పెడదాం. ఇచ్చిన రోజులన్నీ ఉండగలిగితే అడగండి, ఎంత కొత్తవాళ్ళైనా సరే. నడిచొచ్చాక నడుం వాల్చడానికి మాత్రమే అయితే అడగకండి. గది వచ్చాక ప్రయాణం రద్దయితే వెంటనే రాసి వదిలేయండి, ఇది మాత్రం ఎవరూ కాదనరనుకుంటా.

విశాఖ వాసి:
డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. అద్దె లేదంటే ఖర్చు లేదని కాదు. స్తోమత ఉన్నవాళ్ళు లాడ్జీకి పెట్టబోయిందైనా వెళ్ళేముందు ఆఫీసులో కట్టి రసీదు తీసుకుంటే, పాలమూరు గారి అమ్మగారి లాంటివాళ్ళకి అది భోజనమవుతుంది.

పాలమూరు బిడ్డ:
విశాఖ అన్న చెప్పింది మంచిగున్నది. రద్దయితే రాయాలె అన్నది కూడా ఒప్పుకుంట. కానీ గౌతమి గారూ, ఒక్క రాత్రికి అడిగినోళ్ళని తప్పు పట్టుడు మాత్రం నాకు ఇంకా నచ్చుతలేదు. కూలికి పోయేటోళ్ళకు మూడు రోజులు సెలవు ఎవరిస్తరు? అమ్మతోని మాట్లాడిన. పౌర్ణమి విడిచిపెట్టి మామూలు రోజులల్ల పోదామంటే సరే అన్నది, గందుకని ఇప్పుడే రాసి అడుగుతున్న. స్కందాశ్రమం కూడా చూడాలంటున్నది. మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు ఎక్కగలుగుతరా, తెలిసినోళ్ళు చెప్పున్రి.

బడిపంతులమ్మ:
తమ్ముడూ, ఆశ్రమం వెనక నుంచి రాళ్ళు పరిచిన బాట ఉంది, ఆగుతూ ఆగుతూ ఎక్కొచ్చు. టిఫిన్ కాగానే బయలుదేరండి, ఎండెక్కితే రాళ్ళు కాలిపోతాయి, చెప్పులు ఉంచుకోండి. కోతులుంటాయి, చేతిలో తినేవి పెట్టుకోవద్దు. అక్కడినుంచి విరూపాక్ష గుహ కిందికి దిగాలి, ఆ మెట్లు మోకాళ్ళకి కష్టం. అమ్మని స్కందాశ్రమం దగ్గరే కూర్చోబెట్టి, మళ్ళీ అదే బాటలో దింపుకురండి.