చావుబతుకుల్లో ఉన్న ఆర్కిడ్‌ను కారుచౌకగా కొనాలా, అక్కడే వదిలేయాలా?

పెరటిపిచ్చి (హైదరాబాద్)

మా వైపు ఒక పెద్ద దుకాణంలో పూలు రాలిపోయిన ఫెలనాప్సిస్ ఆర్కిడ్లను బిల్లింగ్ కౌంటర్ పక్కన 150కి పెట్టారు. పూలతో ఉన్నప్పుడు అవే 800. ఆకులు ముడతలు పడి వేలాడుతున్నాయి. నేను రెండు తెచ్చానని మొక్కల వాట్సాప్ గ్రూపులో చెప్తే సగం మంది శభాష్ అన్నారు, మిగతా సగం "డబ్బిచ్చి మరీ రోగాన్ని ఇంటికి తెచ్చుకున్నావ్" అని తిట్టారు. గొడవ అక్కడ తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

నా లెక్క ఇది. ల్యాబ్ సీసాలోంచి బయటికొచ్చిన పిల్లమొక్క పూత వయసుకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ పెంపకం ఖర్చంతా ఇంకెవరో పెట్టేశారు. దుకాణం వాడు అమ్మేది పువ్వును, అది రాలగానే వాడి దృష్టిలో మిగిలింది చెత్త. నాకు కావలసింది మొక్క. మొవ్వ (మొక్క నడిమధ్య లేత చిగురు) గట్టిగా ఉండి, నాలుగు మంచి వేళ్లుంటే కొనకుండా రావడమే దండగ అంటాను. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

బొగ్గుముక్క (విశాఖపట్నం)

నేను కాదంటాను. మొవ్వ, వేళ్లు కంటికి కనిపిస్తాయి. నా భయం కనిపించని వాటి గురించి.

సింబీడియం మొజాయిక్ వైరస్, ఒడాంటోగ్లాసం రింగ్‌స్పాట్ వైరస్ అని రెండున్నాయి. పేరు చూసి సింబీడియం అనే ఆర్కిడ్లకే వస్తుందనుకోకండి. ఫెలనాప్సిస్, డెండ్రోబియం, కాట్లియా ఆర్కిడ్లు, అన్నిటికీ సోకుతుంది. సోకిన మొక్క చాలాకాలం మామూలుగానే ఉండొచ్చు, నీరసపడ్డప్పుడు ఆకుల మీద చారలు, గుంట మచ్చలు తేలతాయి. మందు లేదు. ఇంకో మొక్కకు పాకేది ఎక్కువగా మన చేతుల మీదుగానే. అదే కత్తెర, అదే బ్లేడు, వరసగా అన్ని కుండీలూ ముంచి తీసే అదే బకెట్. ఇప్పుడు చెప్పండి, దెబ్బతిన్న ఆర్కిడ్ ఇంటికి రాగానే ఎవరైనా చేసే మొదటి పనేంటి? కుళ్లిన వేళ్లు కత్తిరించడం. ఆ కత్తెర సాయంత్రానికి ఇంకో కుండీలో ఉంటుంది.

శానిటైజర్ పూస్తే చాలనే ధీమా కూడా వద్దు. రింగ్‌స్పాట్ వైరస్ పొగాకు మొజాయిక్ వైరస్‌కు దగ్గరి చుట్టం, ఆల్కహాల్‌కు అంత తేలిగ్గా లొంగదు. బ్లేడును మంటలో ఎర్రగా కాల్చాలి, లేదంటే మొక్కకో కొత్త బ్లేడు వాడాలి. ఇంత ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఇక పిండినల్లి సంగతి సరేసరి, ఆకు మొదట్లో దూరి కూర్చుంటే దుకాణం లైట్ల కింద ఎవరికీ కనిపించదు.

పెరటిపిచ్చి (హైదరాబాద్)

800 పెట్టి కొన్న పూలమొక్కకు వైరస్ లేదని ఎవరు రాసిచ్చారండీ? రెండూ ఒకే లారీలో దిగాయి, ఒకే ట్రేలో నీళ్లు తాగాయి. మీ భయం నిజమైతే అసలు ఆర్కిడ్లే కొనకూడదు.

బొగ్గుముక్క (విశాఖపట్నం)

పూలమొక్కను తెచ్చిన రోజే కత్తెర పట్టుకుని కూర్చోం కదా. తేడా అక్కడుంది.

గోదారిగట్టు (కడియం)

నేను అమ్మేవాళ్ల వైపు మనిషిని, కాబట్టి తిట్లకు సిద్ధపడే రాస్తున్నా.

ఆ మొక్కల్ని ఎవరూ కావాలని చంపరండి. పిల్లప్పుడు చిన్న నాచు (స్ఫాగ్నమ్ మాస్) ముద్దలో పెరుగుతాయి. పెద్ద కుండీకి మార్చేటప్పుడు ఆ ముద్ద తీయకుండా చుట్టూ ఇంకాస్త నాచో, చెట్టు బెరడో నింపుతారు. నర్సరీలో నీళ్లు, గాలి, వెలుతురు అన్నీ కొలత ప్రకారం ఉంటాయి కాబట్టి ఇబ్బంది రాదు. దుకాణానికి వచ్చాక ఏసీ, చీకటి మూల. పైన ఎండినట్టుంటే కుర్రాడు రోజూ గ్లాసుడు నీళ్లు పోస్తాడు. లోపల ముద్ద ఎప్పుడూ తడిగానే ఉంటుంది, వేళ్లు కుళ్లుతాయి. వేళ్లు లేక ఆకులు ముడతపడతాయి. ముడత చూసి "అయ్యో దాహం" అని ఇంకో గ్లాసు పోస్తారు. కొన్నవాళ్లూ ఇంటికెళ్లి అదే చేస్తారు. ఎండి ముడతపడిన ఆకూ, కుళ్లి ముడతపడిన ఆకూ పైకి ఒక్కలాగే ఉంటాయి. తేడా తెలిసేది కుండీలోపలే.

కొనేముందు ఇలా చూడండి. కుండీ పారదర్శకంగా ఉంటే వేళ్ల రంగు కనిపిస్తుంది. ఎండిన వేరు వెండిరంగు, తడిసింది ఆకుపచ్చ రంగు, రెండూ బాగున్నట్టే. గోధుమరంగు ఉంటే కాస్త నొక్కండి. గట్టిగా ఉంటే బతికే ఉంది, నాచు మరక అంటిందంతే. మెత్తగా జారి లోపలి దారం చేతికొస్తే పోయినట్టు. మొక్కను చేత్తో పట్టుకుని మెల్లిగా కదపండి, బొంగరంలా ఊగితే కింద పట్టు లేదు. చివరికి మొవ్వ. మొవ్వలో నల్లటి తడి కనిపించినా, లేతాకు లాగితే ఊడొచ్చినా ఉచితంగా ఇచ్చినా వద్దు. ఫెలనాప్సిస్ ఒకే కాండంగా పైకి పెరిగే రకం, మొవ్వ పోతే పైకి పెరుగుదల అయిపోయినట్టే. ఎప్పుడైనా అదృష్టం బాగుండి మొదట్లో పిలక వేస్తే వేస్తుంది.

డెండ్రోబియం అలా కాదు. ఆకులన్నీ రాలి కర్రలే మిగిలినా, ఆ కర్ర ముడతపడినా, కణుపుల్లోంచో అడుగునుంచో కొత్త మొలక రావచ్చు. నన్నడిగితే తక్కువ ధరకు కొంటే డెండ్రోబియం కొనండి.

ఓరుగల్లోడు (వరంగల్)

గోదారిగట్టు అన్న చెప్పింది కరెక్టే. కని నాదొక డౌటు. అందరూ బతుకుతదా అనే అడుగుతున్నరు, బతికినంక పూస్తదా అని ఎవరూ అడుగుతలేరు. మా దోస్తు ఇంట్ల ఫెలనాప్సిస్ పచ్చగ నిగనిగలాడుతది. ఆకులు అరచేతి కంటె పెద్దగైనయ్. పువ్వు మాత్రం లేదు. గట్లాంటిదానికి ఇంత కష్టమెందుకు?

తాటాకుపందిరి (విజయవాడ)

ఓరుగల్లోడు గారూ, అసలు విషయం పట్టుకున్నారు. ఫెలనాప్సిస్ పూకాడ వేయాలంటే కొన్ని వారాల పాటు పగటి వేడి సుమారు 26 డిగ్రీల లోపు ఉండాలి. 28 దాటి నిలకడగా ఉంటే ఆకులు వేసుకుంటూ పోతుంది తప్ప పూకాడ తీయదు. పెద్ద పెంపకందార్లు షెడ్లను చల్లబరిచేది అందుకే. బెజవాడలో డిసెంబరు మధ్యాహ్నం కూడా 28 దాటుతుంది. కాబట్టి మా ఊళ్లో ఏసీ గది లేకుండా దాన్ని బతికించడమంటే, నిజం చెప్పాలంటే, ఆకుకూర పెంచడమే. హైదరాబాద్‌లో చలికాలం కాస్త నయం, ఉత్తరపు కిటికీ గదిలో ఆశ పెట్టుకోవచ్చు. అరకులో ఉంటే అదృష్టవంతులు.

థాయ్‌లాండ్ నుంచి వచ్చే డెండ్రోబియం హైబ్రిడ్లకు ఈ పేచీ లేదు. 35 డిగ్రీల్లోనూ నీడవల కింద పూస్తాయి. కుండీలో బొగ్గు, ఇటుకముక్కలు వేసి, గాలి ఆడేలా ఉంచితే చాలు.

పెరటిపిచ్చి (హైదరాబాద్)

నా రెండూ ఉత్తరపు గదిలోనే ఉన్నాయి. పూకాడ వచ్చినా రాకపోయినా ఆ ఆకు నాకిష్టం. అందరూ పువ్వు కోసమే పెంచుతారనుకుంటే మనీ ప్లాంట్ ఎవరు పెంచాలి?

ఎడిసన్ అత్తయ్య (న్యూజెర్సీ)

ఇక్కడ ఇలాంటివి 5 డాలర్లకు దొరుకుతాయి. మా ఇంట్లో కిటికీ నిండా అవే. వేళ్లు అసలు లేని మొక్కకు నేను చేసేది ఒకటుంది. కుళ్లిందంతా తీసి, ఒకరోజు ఆరబెట్టి, గట్టిగా పిండిన తడి నాచుతో పాటు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించడం. నాచు మొక్క అడుగును తాకీ తాకనట్టుండాలి. 24 నుంచి 28 డిగ్రీల్లో, ఎండ తగలని వెలుతురులో పెడితే లోపలి తేమకు ఆకు నీళ్లు కోల్పోదు, ఈలోగా కొత్త వేరు పుడుతుంది. పాత వేళ్లు తిరిగి బతకవు, ఎదురుచూసేదంతా కొత్త వాటి కోసమే. నెలలు పడుతుంది. చలికాలంలో హీటర్ గాలికి ఇంట్లో తేమ ఉండదు కాబట్టి మాకు ఇదే దిక్కు.

బొగ్గుముక్క (విశాఖపట్నం)

అత్తయ్య గారూ, మీ వాతావరణానికి అది సరే. మే నెలలో విశాఖలో సంచి మూతి బిగిస్తే లోపల మొక్క ఉడుకుతుంది, బ్యాక్టీరియా కుళ్లు పట్టిందంటే రెండు రోజుల్లో ఆకంతా నీరై కంపుకొడుతుంది. మాకు గాలిలోనే కావలసినంత తేమ ఉంది. వేళ్లు లేని మొక్కను ఖాళీ కుండీలో, బొగ్గు మీద ఆనించి, నీడలో వేలాడదీసి ఉదయాన్నే పిచికారీ చేస్తే చాలు. సంచి పద్ధతి ఎవరైనా చేయదలిస్తే చలికాలంలో, అదీ రోజూ కాసేపు మూతి విప్పి చేయండి.

పెరటిపిచ్చి (హైదరాబాద్)

వేళ్ల మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే కుళ్లు పోతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. నురగ వచ్చిన చోట రోగం ఉన్నట్టట. ఎవరైనా వాడారా?

గోదారిగట్టు (కడియం)

నురగ రోగానికి గుర్తు కాదండి. బతికున్న కణజాలంలో ఉండే ఒక ఎంజైము పెరాక్సైడ్‌ను విరగ్గొడుతుంది, అందుకే మన చేతి గాయం మీద పోసినా పొంగుతుంది. మంచి వేరు మీద పోసినా పొంగుతుంది, దాని కొసలు కూడా మాడతాయి. దాల్చినచెక్క పొడి కూడా అంతే. కాండం మీద కోసిన చోట చిటికెడు అద్దితే ఆరబెడుతుంది, వేళ్లకు పట్టిస్తే వేళ్లనే ఎండగొడుతుంది. సాఫ్ లాంటి కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి లీటరుకు 2 గ్రాములు కలిపి వాడతాం, అది బూజు జాతి రోగాలకే. నీరుకారి కంపుకొట్టే కుళ్లు బ్యాక్టీరియాది, దానికి ఈ పొడి చేసేదేమీ లేదు. ఆ భాగం చుట్టూ కాస్త మంచి ఆకుతో సహా కోసి పారేయడమే.

బియ్యం కడిగిన నీళ్లు, పంచదార నీళ్లు అని రేపెవరో అడుగుతారు, ఇప్పుడే చెప్తున్నా. వేరు లేని మొక్క వాటిని తాగలేదు. తాగేది బూజు.

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? బోరునీటిలో ఉప్పు ఎక్కువ. కొబ్బరి పీచులో అసలే ఉప్పుంటుంది, నానబెట్టి కడగకుండా వాడితే కొత్త వేరు కొస నల్లబడి ఆగిపోతుంది. కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతుంటే కారణం అదే. వాననీళ్లు పట్టుకోండి, లేదా ఆర్వో నీళ్లు. మొక్క కోలుకునేదాకా ఎరువు జోలికి పోకండి.

తాటాకుపందిరి (విజయవాడ)

బతుకుతుందా లేదా అన్నది పక్కన పెట్టి ఇంకో మాట. 150కి అవి అమ్ముడుపోతుంటే దుకాణానికి బుద్ధి ఎందుకొస్తుంది? చెత్తబుట్టలోకి పోవలసిన సరుక్కు మనం గిరాకీ పుట్టిస్తున్నాం.

పెరటిపిచ్చి (హైదరాబాద్)

ఇది నేను ఒప్పుకోను. దుకాణం 800కే లెక్క వేసుకుంటుంది. మిగిలినవి నేను కొనకపోతే చెత్తబండి ఎక్కుతాయి తప్ప వచ్చే నెల సరుకు తగ్గదు. ఇవేమీ అడవి మొక్కలు కూడా కావు కదా. 1922లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో నడ్‌సన్ అనే శాస్త్రవేత్త ఆర్కిడ్ గింజల్ని బూజు సాయం లేకుండా పంచదార కలిపిన అగర్ (జెల్లీ లాంటి పదార్థం) మీద మొలిపించాడు, 1960లో ఫ్రాన్స్‌లో మొరెల్ చిగురు కొస నుంచి వందల నకళ్లు తీసే దారి చూపించాడు. ఆనాటి నుంచి ఇది ఫ్యాక్టరీ సరుకే. ఫ్యాక్టరీ సరుకును తిరిగి వాడుకోవడంలో తప్పేముంది?

బొగ్గుముక్క (విశాఖపట్నం)

అడవి అన్నారు కాబట్టి దీనిమీద మాత్రం గట్టిగా చెప్తాను. కొండ ఊళ్ల సంతల్లో, ఘాట్ రోడ్ల పక్కన ఎవరైనా చెట్టు మీంచి పీకిన బదనికల్ని (చెట్ల మీద పెరిగే అడవి ఆర్కిడ్లు), నక్కతోకలా పూల గుత్తి వేలాడే రింకోస్టైలిస్‌నీ కట్టలు కట్టి అమ్ముతుంటే, వేళ్లు తెగి వాడిపోయాయని జాలిపడి కొనకండి. అక్కడ తాటాకుపందిరి గారి వాదన అక్షరాలా వర్తిస్తుంది. మీరు ఒకటి కొంటే రేపు ఇంకో చెట్టు బోడి అవుతుంది. బెరడుకు కరుచుకున్న వేళ్లు పీకితే తెగుతాయి, ఇంటికొచ్చాక కోలుకోవడం చాలా కష్టం. రిజర్వ్ ఫారెస్టులోంచి అనుమతి లేకుండా తేవడం నేరం కూడా. అడవి మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం పట్టికల్లో ఆర్కిడ్ జాతులన్నీ ఉన్నాయి. ల్యాబ్ మొక్కకూ దీనికీ పోలికే లేదు.

మీ ఊళ్లో మామిడిచెట్టు కొట్టేస్తుంటే దాని మీది బదనికను కొమ్మ ముక్కతో సహా తెచ్చి ఇంకో చెట్టుకు కట్టడం వేరు. అది మాత్రం నేనూ చేస్తా.

పెరటిపిచ్చి (హైదరాబాద్)

దీంట్లో మీ మాటే నా మాట. కౌంటర్ పక్కన ఫెలనాప్సిస్ విషయంలో మాత్రం మారను. మీ వైరస్ భయానికి మర్యాదగా కొత్తవాటిని వేరే గదిలో పెట్టాను, వాటికి వేరే మగ్గు. వేళ్లు కోయడానికి షేవింగ్ బ్లేడ్లు, మొక్కకొకటి.

బొగ్గుముక్క (విశాఖపట్నం)

ఎండిన పూకాడ కోసేటప్పుడు కూడా కొత్త బ్లేడే. అందరూ అక్కడే మర్చిపోతారు.

ఓరుగల్లోడు (వరంగల్)

ఇప్పుడే హన్మకొండల ఒక నర్సరీల నిలబడి రాస్తున్న. ఫెలనాప్సిస్ ఒకటుంది, మొవ్వ పోయింది, కని పక్కకు పిలక వచ్చింది, రెండాకులు. తల్లికి వేళ్లు మంచిగనే ఉన్నయ్. 150 అంటుండు. తీసుకోవాల్నా?

గోదారిగట్టు (కడియం)

మొవ్వ కుళ్లు పూర్తిగా ఎండిందా, ఇంకా తడిగా ఉందా చూడు తమ్ముడూ. తడిగా ఉంటే అది పిలకలోకి దిగుతుంది, వదిలెయ్. ఎండి గట్టిపడితే తీసుకో. పిలక సొంతంగా రెండు మూడు వేళ్లు వేసేదాకా తల్లి నుంచి విడదీయొద్దు. 150 మాత్రం ఎక్కువ, 80కి అడుగు.