సంఘంలో పరిచారకుడిని, ఇంట్లో మాత్రం అధికారిని

ప్రశ్న (తిరుపతి నుండి)
అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా చర్చి సంఘంలో నేను రెండేళ్లుగా సంఘపెద్దగా ఉన్నాను. ఆదివారం అందరికంటే ముందు వెళ్లి చాపలు పరుస్తాను, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో చివరి బంతి లేచేదాకా వడ్డిస్తాను. గత వారం మిద్దె మీద ఇంకో గది కట్టించడానికి మేస్త్రీతో మాట్లాడి వచ్చానని ఇంట్లో చెప్పినప్పుడు, "చర్చిలో వంద రూపాయల ఖర్చుకు కూడా కమిటీని అడుగుతారు, నా జీతం కలిసిన డబ్బుకు నన్ను ఒక్క మాట అడగలేదు" అని నా భార్య అన్నది. భర్త భార్యకు శిరస్సు అన్న మాటను గుర్తుచేశాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. శిరస్సుగా, సేవకుడిగా ఒకే మనిషి ఎలా ఉండగలడు?

జవాబు (సంఘ కాపరి, చిత్తూరు)
సహోదరా, మీరు గుర్తుచేసింది బైబిల్లో ఎఫెసీయులకు రాసిన పత్రిక (లేఖ) 5:23. దానికి ముందున్న 21వ వచనం ఒకరికొకరు లోబడి ఉండమని అందరికీ చెబుతుంది. 25వ వచనం, క్రీస్తు సంఘం కోసం తన్ను తాను అప్పగించుకున్నట్లు భార్యను ప్రేమించమని భర్తకు ఆజ్ఞాపిస్తుంది. ఆ అధ్యాయంలో భార్యలకు మూడు వచనాలుంటే, ఆ తరువాతి భాగం దాదాపుగా భర్తలను ఉద్దేశించినదే. శిరస్సు అనే మాటకు అర్థం అక్కడే, సిలువ దగ్గరే ఉంది. శిష్యులైన యాకోబు, యోహాను ప్రభువు మహిమలో కుడి ఎడమల స్థానాలు అడిగినప్పుడు, మార్కు సువార్త 10లో ఆయన, గొప్పవాడు కాగోరేవాడు పరిచారకుడు కావాలని మొదట అని, ఆ వెంటనే మొదటివాడు కాగోరేవాడు దాసుడు కావాలని అన్నాడు. చాపలు పరిచే పనిని మనమే ఎంచుకోవచ్చు గాని, దాసుడికి పనిని ఎంచుకునే హక్కు ఉండదు. మీ సేవకు పరీక్ష ఇంట్లోనే ఎదురైందని నాకు అనిపిస్తోంది.

జవాబు (విశ్రాంత నర్సు, చిత్తూరు)
అయ్యా, మన ప్రాంతంవాళ్లకు వేలూరు సి.ఎం.సి. (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి పరాయిది కాదు. 1900లో అమెరికన్ మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ ఒకే పడకతో మొదలుపెట్టిన ఆ వైద్యసేవకు ధ్యేయవాక్యం మార్కు 10:45 నుండి వచ్చింది: పరిచారం చేయించుకోవడానికి కాదు, చేయడానికి. నేను వేరే చోట పనిచేశాను గాని, ఆ మాటను నా ఉద్యోగకాలమంతా మోశాను. మంచం మీద ఉన్న మనిషిని పక్కకు తిప్పే ముందు కూడా "తిప్పమంటారా అమ్మా" అని అడగాలి. అడగకపోతే ఎంత మంచి చెయ్యైనా ఆ ఒంటికి భయమే. గది కట్టించడం మీ కుటుంబానికి మేలే కావచ్చు. అయినా, అడగకుండా చేసిన మేలులో ఆమెకు చోటెక్కడుంది? ఇంకొక మాట: మన ఇళ్లలో బయటి నుండి వచ్చినవారికి కాళ్లకు నీళ్లిచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. యోహాను సువార్త 13లో శిష్యుల కాళ్లు కడగడానికి పళ్లెంలో నీళ్లు పోసి, నడుముకు తువాలు కట్టుకున్నది బోధకుడైన యేసే. మీరు ఇంట్లో ఆ చెంబు పట్టుకుని ఎన్నాళ్లైంది?

ప్రశ్న అడిగినవారు
మేస్త్రీకి ఫోన్ చేసి పని ఆపమన్నాను. నిన్న రాత్రి లెక్కల పుస్తకం ఆమె ముందు పెట్టి, అందులో నేను రాయని రెండు అప్పుల సంగతి కూడా చెప్పాను. ఆమె ఇంకా ఏమీ అనలేదు. పుస్తకం మాత్రం తన దగ్గరే ఉంచుకుంది.