రిచ్‌మండ్ అంటే ఏ రిచ్‌మండ్ అండీ?

ప్రశ్న:
నేనుండేది వర్జీనియా రిచ్‌మండ్, మా పిన్ని కూతురుండేది లండన్ రిచ్‌మండ్. అమ్మ రోజూ ఫోన్‌లో రిచ్‌మండ్ అని కొట్టి వాతావరణం చూస్తుంది, మొన్న ఇక్కడ ఎండ మాడ్చేస్తుంటే "వానంట కదరా, గొడుగు పట్టుకెళ్ళు" అని మెసేజ్, చూస్తే అది చెల్లి వాళ్ళ ఊరి వాన. ఈ రెండూళ్ళకీ ఒకటే పేరు ఎలా వచ్చింది? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
అసలుది ఆ రెండూ కాదండి. ఇంగ్లాండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో స్వేల్ నది పక్కన, 1066లో దేశాన్ని గెలిచిన నార్మన్లు కొన్నేళ్ళకే కోట కట్టుకున్న ఊరు అది, పాత ఫ్రెంచ్‌లో గట్టి కొండ అని అర్థం. ఏడో హెన్రీకి రాజు కాకముందు ఎర్ల్ ఆఫ్ రిచ్‌మండ్ అని బిరుదు. లండన్ దగ్గరి ఊరిని అప్పట్లో షీన్ అనేవాళ్ళు, 1497 క్రిస్మస్‌కి అక్కడి ప్యాలెస్ కాలిపోతే మళ్ళీ కట్టించి తన బిరుదు పేరే పెట్టుకున్నాడు. అలా ఊరి పేరు మనిషికి, మనిషి పేరు ఇంకో ఊరికి.

రిప్లై 2:
మీ ఊరి సంగతి నేను చెప్తా బ్రో. విలియం బర్డ్ అని ఇంగ్లాండ్‌లో చదువుకొచ్చిన పెద్ద భూస్వామి, 1737లో ఊరికి ప్లాన్ గీయించాడు, జేమ్స్ నది తిరిగే వంపు చూస్తే లండన్ రిచ్‌మండ్ హిల్ మీంచి థేమ్స్ కనపడినట్టే ఉందని ఆ పేరు పెట్టాడంటారు. లిబ్బీ హిల్ ఎక్కి చూడండి, కింద చెట్ల మధ్య నుంచి నది మెల్లగా వంగి పోతుంది, రెండు చోట్లా నిలబడ్డాను, నిజంగానే అదే చూపు. లండన్‌లో అయితే ఆ చూపుకి ఏదీ అడ్డం రాకూడదని 1902లో చట్టమే చేశారు. నాకు బాధేంటంటే బర్డ్ కంటే ముందు ఆ ఒడ్డున పౌహాటన్ తెగలవాళ్ళ ఊళ్ళుండేవి, ఊరి పేరులో వాళ్ళ మాట ఒక్కటీ మిగల్లేదు.

రిప్లై 3:
కెనడాలో ఒటావా పక్కన మాకూ ఒకటుంది, 1818లో సైన్యం నుంచి దిగిపోయినవాళ్ళకి భూములిచ్చి కట్టిన ఊరు. నాలుగో డ్యూక్ ఆఫ్ రిచ్‌మండ్ అప్పుడు ఇక్కడ గవర్నర్ జనరల్, ఆయన పేరే. పాపం 1819లో నక్క కరిచి రేబిస్ వచ్చి, తన పేరున్న ఈ ఊరి దగ్గర్లోనే పోయాడు.

ప్రశ్న అడిగినవాళ్ళు:
అందరికీ చాలా థాంక్స్ అండి, ఆదివారం లిబ్బీ హిల్ కి వెళ్తున్నా. అమ్మ ఫోన్‌లో వర్జీనియాది సేవ్ చేయించాను, లండన్‌ది తీసేయమంటే "ఉండనీరా, దాని ఊర్లో వాన కూడా తెలియాలి కదా నాకు" అంది.