గిరిప్రదక్షిణలో కుదిరిన మనసు ఇంటి జపంలో నిలవడం లేదు

ఈమధ్య అరుణాచలంలో గిరిప్రదక్షిణ చేశాను. 14 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, కొండ చుట్టూ దారిలో ఉన్న ఎనిమిది లింగాల గుళ్లలో మొదటిదైన ఇంద్రలింగం నుంచి చివరిదైన ఈశాన్యలింగం దాకా. నిరుతిలింగం దాటాక కాళ్ల నొప్పి కూడా గుర్తు లేదు. కుడిపక్కన కొండ, నోట్లో ‘అరుణాచల శివ’, అంతే. స్వామి పక్కనే ఉన్నాడనిపించింది. అది ఊహ కాదనే నా నమ్మకం.

ఇంట్లో ఆ సాన్నిధ్యం అందడం లేదు. తెల్లవారుజామున 5 గంటలకు స్నానం చేసి, దీపం పెట్టి, అదే నామం 108 సార్లు జపిస్తున్నా. మాల సగానికి రాగానే వేళ్లు పూసలు తిప్పుతుంటాయి, మనసు మాత్రం ఆఫీసు టెన్షన్లలో ఉంటుంది. ఫోన్ వేరే గదిలో పెట్టాను, కొండ ఫొటో ఎదురుగా పెట్టుకున్నాను. నామం పైకి పలికితే కాస్త నయం, ఆపగానే మళ్లీ మామూలే.

యాత్రలో కలిగిన అనుభూతిని ఇంట్లోనూ నిలుపుకున్నవాళ్లు చెప్పండి: జపం మధ్యలో మనసు జారితే మీరేం చేస్తారు?