పాట – సన్నివేశం కార్యక్రమం: హాలు వారు అడ్డు చెప్పారు, అందరూ ఈ రాత్రికే చూడగలరు

కార్యదర్శి (బొబ్బిలి), గురువారం రాత్రి

అందరికీ నమస్కారం. విజయనగరం వైపు నుంచి వచ్చి ఈ పరదేశంలో ఉంటున్న మనమంతా కలిసి, సినిమా పాటలను వాటి సన్నివేశాలతో సహా చూపాలనుకున్న కార్యక్రమం వచ్చే శనివారమే. దానికి మిగిలిన పనులు ముందు రాసి, ఆ తర్వాత ఇబ్బంది చెబుతాను. వేదిక వెనుక తెర కట్టాలి, పులిహోర ఎన్ని ట్రేలో తేల్చాలి, పార్కింగ్ దగ్గర ఇద్దరు నిలబడాలి, స్వాగత గీతానికి పిల్లలను కూర్చాలి, రాజాం తమ్ముడు సిద్ధం చేసిన పద్నాలుగు సినిమా ముక్కలను హాలు ప్రొజెక్టరు మీద సరిచూడాలి, విజయనగరం నుంచి మాస్టారు పంపే వ్యాఖ్యానాన్ని వాటికి జత చేయాలి.

ఈ చివరి రెండు పనులకూ ఇప్పుడు దారి మూసుకుపోయింది. సినిమాలోని ఏ భాగాన్నయినా, అది రెండు నిమిషాలదే అయినా, పదిమంది ముందు ప్రదర్శించాలంటే హక్కుదారుల అనుమతి పత్రం మంగళవారంలోగా తమకు చూపాలని, లేకపోతే ప్రొజెక్టరు తెర దించేది లేదని హాలు వారు ఈ మధ్యాహ్నం ఉత్తరం పంపారు. నేను ఫోను చేసి బతిమాలినా ఫలితం లేకపోయింది. ఏం చేద్దామో చెప్పండి.

రాజాం తమ్ముడు

అన్నయ్యా, మూడు వారాలుగా రాత్రుళ్లు కూర్చుని ఆ ముక్కలు కత్తిరించాను. ‘మాయాబజార్’లోని ‘లాహిరి లాహిరి’ ఒక్కదానికే నాలుగు రాత్రులు పట్టింది. ఆ పాట ఒకే వెన్నెలలో మూడు జంటల చేతులు మారుతుంది కనుక, ఎక్కడ తుంచినా ఒక జంటకు అన్యాయం జరిగినట్లే ఉంటుంది. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్‌లీ గారు పట్టిన ఆ వెన్నెల లేకుండా ఆ పాట వినిపించడానికి మనం కార్యక్రమం పెట్టనవసరం లేదు, ఎవరి కారులో వారు వినవచ్చు. హాలు ఫారం రెండో పేజీలో ఈ నిబంధన ఉన్నదని ఇప్పుడే చూశాను. దాని కింద సంతకం ఎవరిదో నేను చెప్పనక్కరలేదు.

కోశాధికారి

అనుమతులు కొనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడితో మానుకోండి. పద్నాలుగు సినిమాలకు హక్కుదారులు వేర్వేరు. వారెవరో కనుక్కునేసరికే సంక్రాంతి వస్తుంది. ఖాతాలో ఉన్నది హాలు అద్దెకు, సౌండు మనిషికి సరిగ్గా సరిపోయింది.

కార్యదర్శి (బొబ్బిలి)

సంతకం నాదే తమ్ముడూ. ఆ హాలు దొరకక ఆరుగురు చేతులెత్తేసినప్పుడు, ఆఫీసు మధ్యలో పరుగెత్తుకు వెళ్లి పెట్టిన సంతకం అది. రెండో పేజీ చదివేవారు నాలాంటివారి కంటే మేలైనవారైతే వచ్చే ఏడాది నుంచి ఈ పని వారే చూసుకోవచ్చు. నేను సంతోషంగా తప్పుకుంటాను.

చీపురుపల్లి బావ

తప్పుకోవడాల మాట కార్యక్రమం అయ్యాక మాట్లాడుకుందాం. హాలు వారికి చెప్పకుండా లాప్‌టాప్ నుంచి వేసేస్తే ఏమవుతుంది?

కోశాధికారి

మన డిపాజిట్ వారి దగ్గరే ఉండిపోతుంది బావగారూ.

సాలూరు అక్క

ఇద్దరూ కాస్త నెమ్మదించండి. నేను హాలు మేనేజరుతో వేరుగా మాట్లాడాను. వారి అభ్యంతరం సినిమా బొమ్మ గురించే గాని పాట గురించి కాదు. వేదిక మీద మనుషులు స్వయంగా పాడటానికి, వాయించడానికి అవసరమైన అనుమతిని ఆ హాలు ఏటా రుసుము కట్టి ఉంచుకుంటుందట. కాబట్టి పాట ఉంటుంది, సన్నివేశం ఉండదు. అయితే మన కార్యక్రమం పేరే ‘పాట – సన్నివేశం’ అయింది, దానికేం చేయాలో నాకూ తోచడం లేదు.

విజయనగరం మాస్టారు, శుక్రవారం ఉదయం

అమ్మా, బాబూ, అందరికీ ఆశీస్సులు. ఇక్కడ పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం హడావుడిలో ఊరంతా మూడు లాంతర్ల కూడలి వైపే ఉంది, మీ సందేశాలు ఇప్పుడే చదివాను. నా చిన్నతనంలో మాకు సినిమా కంటే ముందు పాటల పుస్తకం చేతికి వచ్చేది. ఊళ్లో ఎవరో ఒకరు పట్నం వెళ్లి సినిమా హాలు దగ్గర అది కొనుక్కొచ్చేవారు. అందులో కథ సగం వరకు చెప్పి, మంచి పట్టు దగ్గర ఆపి, మిగతాది వెండితెరపై చూడమని రాసేవారు. ఆ సగం కథా, కింద అచ్చువేసిన పాటా చదువుకునే మేము సన్నివేశం ఊహించుకునేవాళ్లం. తీరా సినిమా చూశాక, మేము ఊహించుకున్నదే బాగుందని అలిగిన రోజులు కూడా ఉన్నాయి.

సినిమా పాట మనసులో నిలిచేది దాని ముందు ఏం జరిగిందో తెలిసినందువల్లనే అని నా నమ్మకం. ‘శంకరాభరణం’ చివర ‘దొరకునా ఇటువంటి సేవ’ అనే కీర్తన తీసుకోండి. విడిగా వింటే అది భక్తి పాట. పాడుతున్న శాస్త్రిగారి గొంతు ఆగిపోవడం, ఆగిన చోటనే శిష్యుడు అందుకోవడం తెలిసి వింటే అదే పాటలో ఒక విద్య చేతులు మారుతుంది. ఇందుకు బొమ్మ కావాలా? ఒక పెద్దాయన, ఒక పిల్లవాడు, ఆ ఇద్దరి మధ్య ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంటే చాలును.

పైగా మనది హరికథ పుట్టి పెరిగిన సీమ. 1919లో ఇక్కడి సంగీత కళాశాల తెరిచినప్పుడు మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన ఏ తెర చూపించి కథ చెప్పారు? చిడతలు పట్టుకుని ఒక్కరే నిలబడి ఊరంతటికీ సభలు, యుద్ధాలు, స్వయంవరాలు చూపించారు. మీరు సన్నివేశం చెప్పండి, పట్టు దగ్గర ఆపండి, వెంటనే పాట ఎత్తుకోండి.

రాజాం తమ్ముడు

మాస్టారూ, మీ మాట కాదనలేను గాని నా సందేహం నాకుంది. ‘సాగర సంగమం’లో నూతి గట్టు మీద ఆడే నాట్యాన్ని మాటలతో ఎలా చెబుతారు? అక్కడ చూసేవారి ప్రాణాలు అరచేతికి వచ్చేది ఆ అడుగు ఎక్కడ పడుతుందో అన్న భయంతోనే కదా.

విజయనగరం మాస్టారు

అది చెప్పకూడదు నాయనా, వదిలేయాలి. చెప్పడానికి లొంగే సన్నివేశాలనే తీసుకోండి. పద్నాలుగు ఎందుకు, ఆరు చాలు.

చీపురుపల్లి బావ

గట్టు బదులు బల్ల వేద్దామని రాయబోయి, హాలు ఫారం మూడో పేజీ గుర్తొచ్చి మానుకున్నాను.

సాలూరు అక్క

అయితే నేనొకటి చెబుతాను. ‘మాయాబజార్’లోని ‘అహ నా పెళ్లియంట’ మనం వేదిక మీద చేసి చూపవచ్చు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు కాబట్టి, ఆడపిల్లలా సిగ్గుపడుతూ పాడుతున్నంతసేపూ సుశీలమ్మ గొంతు, తనను తాను మరిచినప్పుడు ఘంటసాలగారి గొంతు వినిపిస్తాయి. సావిత్రిగారి ఒక్క ముఖం మీద రెండు గొంతులు నిలవడమే అక్కడి చమత్కారం. బావగారి అమ్మాయి ముందు నిలబడి అభినయిస్తుంది, వెనుక నేను, కార్యదర్శి అన్నయ్య పాడతాం.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సుశీలమ్మ పుట్టింది విజయనగరంలో, ఘంటసాలగారు చదువుకున్నది మన సంగీత కళాశాలలో. ‘లాహిరి’కి బాణీ కట్టిన రాజేశ్వరరావుగారిది మా సాలూరు పక్కన శివరామపురం. (ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లా అని ఎవరూ సరిదిద్దవద్దు.) ఆయన ఆ సినిమాకు నాలుగు బాణీలు కట్టి తప్పుకుంటే మిగిలిన సంగీతమంతా ఘంటసాలగారు పూర్తిచేశారు. పని సగంలో వదిలినవారినీ, అందుకున్నవారినీ కూడా మన ప్రాంతం చూసింది కనుక, అన్నయ్య తప్పుకుంటానన్న మాటను ఎవరూ పట్టించుకోనక్కరలేదు.

కార్యదర్శి (బొబ్బిలి)

పట్టించుకోకండి. రాత్రి కోపంలో రాశాను. తమ్ముడూ, రెండో పేజీ నేను చదివి ఉండాల్సింది. ఘటోత్కచుడి గొంతు నాకే ఎందుకు ఇచ్చారో మాత్రం అడగను.

రాజాం తమ్ముడు

నేనూ ఎక్కువగానే రాశాను అన్నయ్యా. కత్తిరించిన ముక్కలు వృథా కావులెండి. ఒక్కొక్క పాటకు ముందు సినిమాలో ఏం జరుగుతుందో నిమిషాలతో సహా నా దగ్గర రాసి ఉంది. అది చూసి మాస్టారు ఒక్కో సన్నివేశాన్ని మూడు నిమిషాలకు మించకుండా చెప్పి పంపితే, పాట ఎత్తుగడ సరిగ్గా ఆయన ఆపిన మాట మీద పడేట్టు నేను కూర్చగలను. ‘లాహిరి’కి మూడు జంటలను మూడు వైపుల నుంచి నడిపిస్తాను, హాలు దీపాలు తగ్గించి ఒక్క నీలం దీపం వేయిస్తాను. బార్ట్‌లీ గారు క్షమించాలి.

విజయనగరం మాస్టారు

రికార్డింగు వద్దు. ఆ సాయంత్రం మీకు ఎన్ని గంటలైతే ఇక్కడ మాకు తెల్లవారుజామో చెప్పండి, నేను లేచి కూర్చుని ఫోనులోనే చెబుతాను. ఆగే చోటు జనం ముఖాలను బట్టి మారుతుంది, అది ముందుగా రికార్డు చేస్తే కుదరదు. నాకు జనాన్ని చూపే ఫోనొకటి వేదిక ముందు పెట్టండి చాలు.

చీపురుపల్లి బావ

అమ్మాయి ఒప్పుకుంది. మగ గొంతు వచ్చినప్పుడు పెదవులు కదపాలా వద్దా అని అడుగుతోంది.

సాలూరు అక్క

తప్పక కదపాలి, నవ్వు పుట్టేది అక్కడే. కదిపిన వెంటనే నాలుక కరుచుకోవాలి. సోమవారం రాత్రి ఏడింటికి మా గ్యారేజీలో సాధన. తంబురా నా ఫోనులో ఉంది. చిడతలు ఎవరింట్లో ఉన్నాయో ఈ రాత్రికే చెప్పండి, ఇక్కడి దుకాణాల్లో దొరకవు.

కోశాధికారి

మా అత్తగారి పూజ గదిలో ఒక జత ఉంది. ఒకదానికి గజ్జె ఊడింది, పర్వాలేదా?