ఇంటర్వ్యూ ప్రాక్టీస్‌కు నల్లగొండలో కూర్చుందామా, ఆన్‌లైన్ సరిపోతదా?

రామగిరి_కోడర్:
మన జిల్లాల బీటెక్, ఎంసీఏ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నోళ్లు మస్తుమంది ఉన్నరు. అందరి ఫోన్లల్ల లీట్‌కోడ్ (కోడింగ్ ప్రశ్నలు ప్రాక్టీస్ చేసే సైట్) ఉంది, యూట్యూబ్ పాఠాలున్నయి. ఆన్‌లైన్ టెస్టు దాటుతున్నరు. మనిషి ఎదురుంగ కూసొని అడిగే రౌండ్ రాంగనే నోరు పెగుల్తలేదు. అందుకే అడుగుతున్న: ఆదివారం పొద్దున టౌన్‌ల ఐదారుగురం కలుద్దామా? పాఠాలు చెప్పుడు వద్దు. ఒకరు ప్రశ్న అడగాలె, ఇంకొకరు కాగితం మీద రాసుకుంట పైకి చెప్పాలె, మూడో మనిషి ఎక్కడ ఆగిండో రాసుకోవాలె. ముప్పావుగంట కాంగనే మార్చుకోవాలె. వద్దనేటోళ్లు ఎందుకు వద్దో కూడా చెప్పున్రి.

ఎల్బీనగర్_నుంచి:
అన్నా, ఉద్దేశం మంచిదే కానీ నేను ఒప్పుకోను. హైదరాబాద్ వంద కిలోమీటర్లు. అక్కడైతే రోజూ ఇంటర్వ్యూలు తీసుకునే సీనియర్లే దొరుకుతారు. నల్లగొండలో కూర్చుంటే రానివాడికి రానివాడే చెప్పాలి. తప్పు జవాబుకు ఆరుగురూ తలూపితే ఎవరు దిద్దుతారు? ఆన్‌లైన్‌లో కోడ్ నడిపితే తప్పు అప్పుడే బయటపడుతుంది. బెంగళూరులో పనిచేసే మనూరి అన్నను గూగుల్ మీట్‌లోకి పిలవొచ్చు. బస్సు ఛార్జీ కూడా మిగులుతుంది.

రామగిరి_కోడర్:
తమ్ముడూ, తప్పుకు తలూపుతరన్న భయం సరైనదే. అందుకే అడిగేటాయన ముందురోజే ఆ ప్రాబ్లం తానే చేసి, కోడ్ నడిపి చూసుకొని రావాలె. ఇది నియమం.

కానీ కోడ్ నడిస్తే తప్పు బయటపడుతదన్నవు చూడు, అది ప్రతిసారీ జరగదు. బైనరీ సెర్చ్ తీసుకో, అంటే వరుసక్రమంల ఉన్న లిస్టును సగం సగం చేసుకుంట వెతుకుడు. మధ్య స్థానం కోసం మొదలు, చివర కలిపి సగం చేస్తం. జావా భాషల ఇంట్ (పూర్ణసంఖ్యల రకం) గరిష్ఠ విలువ 2,147,483,647. కూడిక అది దాటితే మైనస్‌లకు పోతది. చిన్న అర్రేల (సంఖ్యల వరుసల) మీద ఎన్నిసార్లు నడిపినా కనపడదు. జావా సొంత లైబ్రరీలనే ఈ తప్పు ఏండ్ల తరబడి ఉన్నదని, ఆ లైబ్రరీలు రాసినోళ్లల్ల ఒకడైన జాషువా బ్లాక్ 2006ల రాసిండు. ‘ఈ రెండూ మస్తు పెద్ద సంఖ్యలైతే ఎట్ల?’ అని అడిగే మనిషి పక్కనుంటే అది అక్కడనే దొరుకుతది.

లీట్‌కోడ్‌ల మొదటి ప్రాబ్లమే చూద్దాం. అర్రేల ఏ రెండు సంఖ్యలు కలిపితే ఇచ్చిన మొత్తం వస్తదో కనుక్కోవాలె. మనోళ్లు రెండు లూపులు రాసి పెన్ను కింద పెడ్తరు. అప్పుడు అడిగేటాయన ‘లక్ష సంఖ్యలిస్తే?’ అనాలె. జతలు దాదాపు 500 కోట్లయితయి. అది లెక్కగట్టినంక హాష్ మ్యాప్ (చూసినవి దాచుకొని వెంటనే వెతికే పట్టిక) సంగతి తనంతట తానే తడుతది: ఒక్కో సంఖ్యకు మిగిలినదెంతో తీసి, అది ముందు వచ్చిందా అని చూసుకుంట పోతే ఒక్కసారి తిరిగితే చాలు. ఆ తర్వాత ‘దీనికి మెమరీ ఎంత తింటది? అదే సంఖ్య రెండుసార్లుంటే?’ అసలు ఇంటర్వ్యూ ఈడ మొదలైతది. వీడియో చూసేటోనికి ఈ ప్రశ్నలు ఎవరూ వెయ్యరు.

మిర్యాలగూడ_ఈసీఈ:
అన్నా, నేను వస్తా. ఆన్‌లైన్ చాలనేవాళ్లకు ఒక మాట. మా ఇంట్లో రెండే గదులు. ఒక గదిలో టీవీ, ఇంకో గదిలో నాయనమ్మ. మీట్‌లో పైకి మాట్లాడుకుంటూ ముప్పావుగంట ప్రాబ్లం చెయ్యాలంటే ఎక్కడ కూర్చోను? నాకు కావాల్సింది ముందు మాట్లాడే చోటు.

అయితే చోటు సంగతి తేల్చకుండా పిలవొద్దు. హోటల్లో అంటే ఇంట్లో పంపరు. జిల్లా గ్రంథాలయంలో గ్రూప్స్‌కు, కానిస్టేబుల్‌కు చదివేవాళ్లుంటారు, అక్కడ గొంతెత్తితే వాళ్లకు అన్యాయం చేసినట్టే. ఏదైనా కాలేజీలో గది అడగండి. ఎవరెవరు వస్తున్నారో ముందే తెలియాలి, కనీసం ఇంకో అమ్మాయైనా ఉండాలి. పదింటికి మొదలై ఒంటిగంటకు ముగిస్తే చీకటి పడకముందే ఇంట్లో ఉంటాను.

పాలమూరు_పోరడు:
మహబూబ్‌నగర్‌ల మేం ఇట్లనే మొదలువెట్టినం. మొదట్ల బాగ నడిచింది. పేరు వడంగనే ఇరవై మంది దాకా వచ్చిన్రు. ఒకాయనకు బాగ వస్తుండె, ఆయన బోర్డు కాడ నిలవడ్డడు, మిగిలినోళ్లం నోట్సు రాసుకున్నం. ఆ దెబ్బకు ప్రాక్టీస్ పోయి ట్యూషన్ అయింది. ఎంతమంది అడిగినా ఆరుగురు దాటనియ్యకున్రి. ఏడో మనిషి వస్తే ఇంకో గుంపు చెయ్యున్రి.

ఇంకోటి, మాట్లాడేది ఇంగ్లీషులనే ఉండాలె. ఆడ అడిగేది ఇంగ్లీషుల, ఈడ తెలుగుల చేసి ఏం లాభం?

నకిరేకల్_98:
దీనికి మాత్రం నేను ఒప్పుకోను. పదో తరగతి దాకా తెలుగు మీడియంల చదివిన. కొత్త ప్రాబ్లం ఎదురైతే నా ఆలోచన తెలుగులనే నడుస్తది. ఇంగ్లీషు వాక్యం కూర్చుకునే తిప్పలల్ల లాజిక్ జారిపోతది. చూసేటోళ్లేమో వీనికి లాజిక్ రాదనుకుంటరు. ముందు తెలుగుల తెగేదాకా వాదించుకుందాం. అదే ప్రాబ్లం మళ్లీ ఇంగ్లీషుల చెప్పుదాం.

ఎల్బీనగర్_నుంచి:
ఒకే ప్రాబ్లం రెండుసార్లు చేస్తే ముప్పావుగంట ఎక్కడ సరిపోతుంది? అక్క చెప్పిన చోటు సమస్య మాత్రం నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. అయినా నెలకొకసారైనా సీనియర్ ఒకరు చూడకపోతే ఎక్కడున్నారో మీకే తెలియదు.

రామగిరి_కోడర్:
నెలాఖరు ఆదివారం మనూరి అన్నను మీట్‌లకు పిలుద్దాం, తమ్ముడూ. ఆ సంగతి నువ్వే మాట్లాడు. గది కోసం సోమవారం రెండు కాలేజీలల్ల అడుగుత. 2023ల తెరిచిన ఐటీ టవర్‌ల ఇస్తరేమో అది కూడా కనుక్కుంట. గది ఖాయమైనంకనే తేదీ చెప్త.

భాష సంగతి: మొదటి నెల నకిరేకల్ తమ్ముడు చెప్పినట్టే. రెండోసారి ఇంగ్లీషుల పది నిమిషాలే, కోడ్ మళ్లీ రాసుడు లేదు, చెప్పుడు మాత్రమే. పాలమూరు అన్నా, దీనికి నువ్వు ఒప్పుకోవని తెలుసు.

పాలమూరు_పోరడు:
ఒప్పుకోను. మీ మూడో మనిషి రాసిన కాగితాలు నెలయినంక ఈడ పెట్టున్రి, ఇంగ్లీషుల ఎక్కడ ఆగుతున్నరో చూసి మాట్లాడుదాం.

మిర్యాలగూడ_ఈసీఈ:
మా క్లాస్‌మేట్ కూడా వస్తానంది. మొదటి ప్రశ్న నేను తెస్తా. బ్రాకెట్లు సరిగ్గా మూసుకున్నాయో లేదో చూసేది, స్టాక్ (చివర పెట్టింది ముందు తీసే పద్ధతి) మీద.